ఓవైహీ తీరపు విడుదులు

ఇల్లు కట్టుకొని తరతరములు కాపురముండుటకు యోగ్యముగాని నేలలు లోకమున పెక్కు గలవు. అట్టి నేలలలో సైతము ఒక రాత్రియో పది రాత్రులో గడపవలసిన అవసరము మనుష్యులకు కలుగుచునే వచ్చినది. ఇంటిచరిత్ర వ్రాసినవారు అనేకులున్నను, ఈ విడిదిచరిత్రను పట్టించుకొన్నవారు తక్కువ. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆరెగాన్ రాష్ట్రమునకు ఆగ్నేయపు మూలన, ఐడహో సరిహద్దును ఒరసికొనుచు ప్రవహించు ఓవైహీ నది పొడవునా ఉన్న చరిత్ర యావత్తును ఇట్టి విడిదిచరిత్రయే. అచ్చటి యెడారి మనము పటములలో చూచు ఇసుకతిన్నెల యెడారి కాదు; సముద్రమట్టమునకు వేల అడుగుల ఎత్తున, అగ్నిపర్వతములు క్రక్కిన నల్లరాతి పలకలమీద, సేజ్ బ్రష్ అను బూడిదవన్నె పొదలు తప్ప వేరు పచ్చదనమెరుగక, వేసవిలో మాడుచు శీతకాలమున మంచు గప్పుకొనుచు పరచుకొని యుండు పీఠభూమి. ఏటికి పది అంగుళములకు అటునిటుగా కురియు చినుకులే దాని భాగ్యము. వానకు మొగము వాచినదని మనము చెప్పుకొను అనంతపురమున కురియుదానిలో అది సగమైనను కాదు.

ఈ పీఠభూమిని నిట్టనిలువునా కోసికొనిపోయిన లోయలో, దాదాపు యాబది మైళ్ల పొడవున, ఒక సన్నని జలాశయము నేడు మెలికలు తిరిగి యున్నది. దాని యొడ్డున ఊరు అనదగినది లేదు. వసంతము మొదలు శరత్తు వరకు బోయిసీ నగరమునుండియు, చుట్టుపట్ల పట్టణములనుండియు గుడారములు, పడవలు, గాలములు, వంటసామగ్రి వాహనములకెత్తుకొని జనులు వత్తురు. నక్షత్రములక్రింద పరుండి, మనుష్యహస్తము సోకని ప్రకృతిని దర్శించితిమని తృప్తి చెంది మరలిపోదురు. వారి తృప్తికి భంగము కలిగించుట నా యుద్దేశము కాదుగాని, వారెదుట నున్న ఆ నీరు 1932వ సంవత్సరమున మనుష్యులు కట్టిన కట్టవెనుక నిలిచినదే. ఉల్లాసమునకై గుడారము వేయు ఆచారము ఈ నదీతీరమున వెలసిన విడుదులన్నిటిలో కడగొట్టుది. దానికి ముందు ఇచ్చట విడిసినవారిలో ఉల్లాసార్థము విడిసినవారు అరుదు. ఆకలి, వర్తకము, పరుగు, కూలి, రాజదండనము, వీనిలో ఏదో యొకటి వారిని ఇచ్చటికి తెచ్చినది.

అందరికంటె పూర్వులెవరో మనకు పేర్లు తెలియవు. వారి చెప్పులు మాత్రము దొరకినవి. ఓవైహీ ఉపనదిలో కలియు ఆంటిలోప్ క్రీక్ అను వాగు ప్రక్కన, డర్టీ షేమ్ అని ఇటీవలివారు పిలుచు ఒక రాతిచరియ కలదు. 1973లో ఆరెగాన్ విశ్వవిద్యాలయమువారు దానిని త్రవ్వి చూడగా, సుమారు 9,500 సంవత్సరముల క్రిందటినుండి మనుష్యులు దాని నీడను వచ్చిపోవుచుండిన జాడలు బయల్పడెను. సేజ్ బ్రష్ బెరడును పీచుగా దీసి అల్లిన చెప్పులు, బుట్టముక్కలు, చాపలు, ఆ పొడిగాలికి చెడక నిలిచినవి. ఆశ్చర్యమేమనగా, ఆ చరియక్రింది నివాసము అవిచ్ఛిన్నము కాదు: నడుమ సుమారు మూడువేల యేండ్లు దానిని ఎవ్వరును ఆశ్రయింపలేదు, మరల వచ్చినవారు ఆ రాతికప్పు క్రిందనే కొయ్యలు పాతి, గడ్డికప్పిన గుడిసెలు నిలిపిరి. కొండయే గొడుగు పట్టుచుండగా మరల గుడిసె యెందుకని మన కనిపించవచ్చును. శీతకాలపు గాలిని ఎరిగినవారికి ఆ సందేహము రాదు.

చారిత్రక కాలమునకు వచ్చునప్పటికి ఈ నేల ఉత్తర పాయూట్ జాతివారిది. ఎగువన షోషోనీలును గలరు. వారిని తిరుగుబోతు జాతులని వ్రాసిన శ్వేతజాతి గ్రంథకర్తలు పొరబడిరి. వారి తిరుగుట దిక్కులేని తిరుగుట కాదు. వసంతమున దుంపలు తవ్వుకొను మిట్టలు, వేసవిలో గడ్డిగింజలు దులుపుకొను మైదానములు, శరత్తున కుందేళ్లను వలలలోనికి తరుముకొను పొదలచాళ్లు, చలికి ఒదిగియుండుటకు నీటిచెంత లోయలు, అన్నియు కాలక్రమము ననుసరించి కుటుంబముల జ్ఞాపకములో నున్నవే. విల్లో కొమ్మలు వంచి కట్టి, గడ్డితోను చాపలతోను కప్పిన గుడిసెను విడిచిపోవుటకు వారు దుఃఖింపరు; మరుసటి మజిలీలో కొమ్మలకు కొఱత లేదు. ఈ క్రమమున అన్నిటికంటె ముఖ్యమైన పండుగ సామన్ చేపలది. పసిఫిక్ సముద్రమునుండి కొలంబియా నదిని, స్నేక్ నదిని ఎదురీది, ఓవైహీలో ప్రవేశించి, నెవాడా రాష్ట్రములోని దాని పుట్టినిల్లు వరకు ఆ చేపలు గ్రుడ్లు పెట్టుటకు పోవుచుండెను. ఎడారి నడిబొడ్డున సముద్రపు చేపను ఎండబెట్టుకొను జాతి యొకటి యుండెనని వినుటకే వింతగా నుండును.

నదికి నేటి పేరు ఈ జాతులవారు పెట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున తోళ్ల వర్తకపు కంపెనీలు పసిఫిక్ తీరమునకు రాగా, వారి ఓడలు త్రోవలో హవాయి దీవులవద్ద ఆగి, ఈతయందును పడవలయందును ఆరితేరిన ద్వీపవాసులను కూలికి కుదుర్చుకొని వచ్చుట వాడుకయ్యెను; 1811లో ఆస్టోరియా కోట కట్టిన వారిలోనే హవాయివారుండిరి. నార్త్ వెస్ట్ కంపెనీ పక్షమున డానల్డ్ మెకెంజీ అను నాయకుడు స్నేక్ నదీప్రాంతమునకు వేటబృందములను నడిపించుచు, 1819-20 ప్రాంతమున ముగ్గురు హవాయివారిని ఈ నదిని వెదకి, తోళ్లకై బీవరు అను జంతువులను పట్టిరమ్మని పంపెను. వారు తిరిగి రాలేదు. హవాయి పేరును ఆనాడు వ్రాయుచుండిన తీరుననే నదికి ఓవైహీ యని పేరు నిలిచెను. పచ్చని కొబ్బరితోటల నడుమ పుట్టి, ఈ బూడిదపొదల లోయలో కడపటి విడిది చేసిన ఆ ముగ్గురి సొంత పేర్లు ఏ లెక్కల పుస్తకమునను నిలువలేదు. తరువాత హడ్సన్స్ బే కంపెనీ నాయకుడు పీటర్ స్కీన్ ఆగ్డెన్ ఇదే ప్రాంతమున ఏటికేడు దండువలె తిరిగెను. అమెరికనులు ఇటు రాకుండవలెనన్నచో ఇచ్చట వారికి లాభకరమైన జంతువే మిగులరాదని ఆ కంపెనీవారి దురాలోచన. కావున బీవరులను పిల్లతోగూడ మిగుల్చక పట్టించిరి. బీవరులు కట్టుకొను చిన్నచిన్న కట్టలు వాగులలో నీటిని ఆపి, ఒడ్డులను తడిగా నుంచునవి. ఎడారికి ప్రకృతి యిచ్చిన ఆ వేలకొలది చిరుచెఱువులను ముందు చెరిపి, నూరేండ్ల తరువాత ఒక్క మహాజలాశయము కట్టుకొనుట నాగరికతయందలి విచిత్రములలో ఒకటి.

1840 నాటినుండి ఆరెగాన్ బాటను బండ్లు బారులు తీరెను. ఓవైహీ స్నేక్‌లో కలియుచోటికి సమీపముననే ఫోర్ట్ బోయిసీ యను కోట, నదిని దాటు రేవు నుండుటచేత, బండ్లవారందరికిని అది మజిలీ అయ్యెను. ఆ మజిలీలలో ఒకదానిని గూర్చి మాత్రము స్థానికులు నేటికిని గొంతు తగ్గించి చెప్పుకొందురు. 1860 సెప్టెంబరులో అట్టర్ అను కుటుంబపెద్ద నాయకత్వమున వచ్చుచున్న నలుబది నలుగురి బృందముపై ఐడహో భూమిలో దాడి జరిగెను. బ్రతికినవారు బండ్లు, ఎద్దులు, ఆహారము సమస్తము విడిచి, కాలినడకను ఓవైహీ యొడ్డునకు చేరి, ఇక ముందుకు పోలేక అచ్చటనే పొదలతో నీడ కల్పించుకొని వారములతరబడి పడియుండిరి. ఆకలికి తాళలేక తమవారి కళేబరములనే తినవలసిన దుర్దశ వారికి సంభవించెను. కాప్టెన్ డెంట్ అను సేనానాయకుడు దళముతో వెదకుచు వచ్చి, మిగిలినవారిని రక్షించెను. చనిపోయిన పసిపిల్లల సంఖ్యను గూర్చి వాదములు చేయు పండితులు కలరు. నాకు ఆ వాదములయందు ఆసక్తి లేదు.

మూడేండ్లకే, 1863లో, ఉపనదియగు జోర్డాన్ క్రీక్‌లో బంగారము కనబడెను. సిల్వర్ సిటీ వెలసెను. గని యున్నచోట జరుగునవన్నియు జరిగెను. ఆ గనుల కథను నేను విస్తరింపను, రెండు సంగతులు మాత్రము చెప్పి విడిచెదను. మొదటిది: పొడిచేసిన ఖనిజమునుండి బంగారమును వెండిని విడదీయుటకు పాదరసము వాడిరి, అది వాగువెంబడి దిగువకు పోయెను. దీని ఫలము ఎవరు అనుభవించుచున్నారో ముందు తెలియగలదు. రెండవది: 1804-06 నాటి లూయిస్, క్లార్కుల మహాయాత్రలో తల్లి సకాజవేయా వీపునంటి పసికందుగా ఖండము దాటిన జాన్ బాప్టిస్ట్ షార్బొనో, యూరపు రాజమందిరములలో కొన్నాళ్లు గడిపి, కాలిఫోర్నియా బంగారపు కాల్వలలో పనిచేసి, అరువదియొకటవ యేట మరల క్రొత్త గనులను వెదకికొనుచు పోవుచు, ఓవైహీని దాటినపిమ్మట జబ్బుపడి, 1866 మే నెలలో జోర్డాన్ వ్యాలీకి చేరువనున్న ఒక బండ్ల మజిలీలో కన్నుమూసెను. అతని సమాధి నేడును డానర్ అను చోట కలదు.

బంగారము వచ్చిన వెనుక పాయూట్లకు నిలువనీడ లేకపోయెను. 1864 మొదలు 1868 వరకు సాగిన యుద్ధములో వారి శీతకాలపు విడుదులను సైన్యము వెదకి వెదకి కాల్చెను. 1872లో ఓవైహీకి వాయవ్యమున మల్హ్యూర్ అను పేర వారికొక ప్రత్యేకభూమి ఏర్పరచిరి. అదియు పశువుల ఆసాముల కంటబడెను. 1878లో బన్నాక్ జాతివారి తిరుగుబాటుతో రేగిన యుద్ధము ముగియగానే, తిరుగుబాటులో చేరినవారిని చేరనివారిని ఒక్కటిగా జమకట్టి, 1879 జనవరిలో మంచులో వందలాది మైళ్లు నడిపించి యాకిమా ప్రాంతమునకు తరలించిరి. ఆ నడకను కన్నులార చూచిన సారా విన్నెమక్కా అను పాయూట్ వనిత 1883లో తన జాతికథను ఇంగ్లీషున ప్రకటించెను. ఎగువన, నెవాడా ఐడహోల సరిహద్దుపై 1877లో ఏర్పడిన డక్ వ్యాలీలో మాత్రము షోషోనీ-పాయూట్లు నేటికిని ఓవైహీ నీటిచెంతనే యున్నారు.

ఖాళీయైన పచ్చిక బయళ్లలోనికి పశువులును, పశువుల వెనుక గొఱ్ఱెలును వచ్చెను. గొఱ్ఱెలతో వచ్చినవారు బాస్కులు. స్పెయిన్ దేశమునకు ఉత్తరపు కొసన, బిస్కే అఖాతపు తీరమున పుట్టిన ఈ యువకులు పుట్టుకచేతనే కాపరులని అమెరికనులు నమ్మినను, వారిలో పెక్కుమంది ఇంటికడ చిన్న కమతములు దున్నుకొనినవారో చేపలు పట్టుకొనినవారో గాని, వేయి రెండువేల గొఱ్ఱెల మందను కన్నెత్తి చూచినవారు కారు. ఇంగ్లీషు రాదు, భూమి లేదు, పెట్టుబడి లేదు. ఏకాంతము నోర్చుకొను శక్తి యొక్కటే ఈ యుద్యోగమునకు కావలసిన అర్హత. ఒక మందకు ఒక కాపరి, రెండు కుక్కలు, కొన్ని దినముల కొకమారు గాడిదలమీద పిండి, చిక్కుడుగింజలు, ఉప్పు మోసికొనివచ్చి విడిది మార్చిపోవు సహాయకుడు, అంతియే లోకము. కాపరి గోతిలో నిప్పులు పోసి, మూతగల ఇనుపపాత్రను అందులో పూడ్చి, దానిలో కాల్చిన పెద్ద రొట్టెను దినములతరబడి కోసికొని తినును. పొద్దు గడువక రాళ్లమీద రాళ్లు పేర్చి మిట్టలపై నిలిపిన స్తంభములు నేటికిని అక్కడక్కడ కనబడును. దారి గుర్తులని కొందరు, వట్టి కాలక్షేపమని కొందరు చెప్పుదురు, రెండును నిజమే కావచ్చును. జీతమునకు బదులు ఆడగొఱ్ఱెలను పుచ్చుకొని తన మందను తానే పెంచుకొని ఆసామియైనవాడును, ఏకాంతమునకు మతి చలించి పట్టణమునకు కొనిరాబడినవాడును, ఇరువురును వారిలో గలరు.

శీతకాలమున కూలి లేనప్పుడు కాపరులు జోర్డాన్ వ్యాలీలోని బాస్కు పూటకూళ్ల యిండ్లలో దిగి, తమ భాషలో కడుపునిండ మాటలాడుకొనెడివారు. 1915లో వారు అచ్చటనే రాతిని చెక్కి, పెలోటా అను తమ బంతియాటకు ఎత్తైన గోడ కట్టుకొనిరి. నా దృష్టిలో ఈ ప్రాంతపు కట్టడములలో మిక్కిలి హృదయంగమమైనది అదియే; తలదాచుకొనుటకు గుడారముతో సరిపెట్టుకొన్నవారు ఆటకు మాత్రము రాతిగోడ నిలిపిరి. ఈ సంచారజీవనమునకు 1934లో టేలర్ పేర వచ్చిన పచ్చికబయళ్ల చట్టము తెర దించెను. సొంతభూమి గలవారికే ప్రభుత్వపు బయళ్లలో మేపుటకు అనుమతి యని ఆ చట్టము నిర్ణయించుటతో, గుడారమే చిరునామాగా గలవానికి చోటు లేకపోయెను.

అప్పటికే క్రింద లోయలో కట్ట లేచియున్నది. ఓవైహీ పథకమునకు 1926లో అనుమతి లభించెను. అమెరికా ప్రభుత్వపు రిక్లమేషన్ శాఖవారు 1928లో పని మొదలుపెట్టి 1932లో ముగించిరి. ఆ సంవత్సరము జూలై 17వ తేదీన అంతరంగిక శాఖామాత్యుడు రే లైమన్ విల్బర్ ప్రారంభోత్సవము నెరపెను. పునాదినుండి శిఖరమునకు 417 అడుగులు. అంతటి ఎత్తుగల ఆనకట్ట ఆనాటికి ప్రపంచమున మరియొకటి లేదు. కాని యీ కీర్తి దానికి కొలది యేండ్లే దక్కినది, ఏలయన కొలరాడో నదిపై 726 అడుగుల హూవర్ కట్ట పని అప్పటికే సాగుచుండెను. నిజమునకు ఓవైహీ దానికి ప్రయోగశాల వంటిది. సిమెంటు గట్టిపడునప్పుడు వేడి పుట్టును. చిన్నగోడలో ఆ వేడి పోవును గాని, కొండంత దిమ్మలో అది దశాబ్దములతరబడి నిలిచి, చల్లారుచున్నకొలది కట్టను పగులదీయును. కాంక్రీటులో సన్నని ఇనుపగొట్టములు పూడ్చి, వానిగుండ నదిలోని చల్లనినీటిని పారించినచో వేడి త్వరగా లాగివేయవచ్చునా యన్న ఉపాయమును 1931లో ఇచ్చట పరీక్షించి చూచి, పిదపనే హూవర్ కట్టలో విస్తారముగా అనుసరించిరి. వరదనీరు పోవుటకు కట్టప్రక్కన జలాశయములోనే ఒక గుండ్రని బావి నిర్మించిరి; నీరు దాని యంచు దాటగానే నలువైపులనుండి గరాటులోనికి జారినట్లు వందలాది అడుగుల లోతునకు దూకి, సొరంగముగుండ కట్టక్రిందికి వెడలును. వసంతమున మంచు కరగి జలాశయము నిండిన యేట దానిని చూచుటకు జనులు ప్రత్యేకముగా పోవుదురు.

ఆ రోజులలో రిక్లమేషన్ శాఖకు ప్రధాన రూపకల్పకుడుగా నుండినవాడు జాన్ సావేజ్. మనకు ఆయన పేరు బొత్తిగా పరాయిది కాదు: 1940 దశకములో గోదావరిపై పోలవరముకడ రామపాదసాగరము కట్టవలెనని మదరాసు ప్రభుత్వము తలపెట్టినప్పుడు సలహా చెప్పిన విదేశీ నిపుణులలో ఆయన యొకడు. పిదప నాగార్జునసాగరముతో పేరు ముడిపడిన కానూరి లక్ష్మణరావుగారు ఆ రామపాదసాగరపు చిత్తుపటములపై పనిచేసిరి. ఆ సాగరము ఆనాడు కాగితము దాటలేదు.

ఓవైహీ జలాశయము నిండినప్పుడు దానిలో పట్టు నీరు మన లెక్కకు సుమారు 49 టి.ఎం.సి.; అందులో కాలువలకు వాడుకొనదగినది 31. మూడున్నర మైళ్ల సొరంగము తొలిచి, ఈ నీటిని స్నేక్ నదిప్రక్కనున్న మెట్టలకు మరల్చిరి; 1935 నుండి పంటలకు నీరు పారెను; క్రమముగా లక్ష ఎకరములకు పైబడి తడి భూమియయ్యెను. మునిగినవి కొన్ని కలవు. లోయ యడుగున వాట్సన్ అను చిన్న పల్లె, పశువుల ఆసాముల గడ్డిపొలములు, పాయూట్ల పూర్వికులు విడిసిన నీటియొడ్డులు మునిగెను. సామన్ చేపలు ఎక్కిపోవుటకు కట్టకు మెట్లు పెట్టలేదు. సముద్రమునుండి నెవాడా వరకు సాగిన ఆ యాత్ర 1932తో ఈ నదిలో నిలిచిపోయెను. ఈ మునకకు దుఃఖించినవారి గొంతుక ప్రారంభోత్సవపు బాజాలలో వినబడలేదు.

నీరు వచ్చిన నేలకు జనులు వచ్చిరి. మధ్యమైదానములలో దుమ్ముతుపానులకు పొలములు పోగొట్టుకొన్నవారు, బాకీలకు ఇండ్లు వదలుకొన్నవారు, పాతకార్లపై పరుపులు కట్టుకొని మల్హ్యూర్ జిల్లాకు చేరిరి. నిస్సా హైట్స్, డెడ్ ఆక్స్ ఫ్లాట్ అను మెట్టలపై వారు మొదట ఇల్లు కట్టలేదు. నేలలో గొయ్యి త్రవ్వి, పైన పలకలు పరచి, ఆ మాళిగలోనే కాపురముండి, పంటలు చేతికివచ్చిన వెనుక పై అంతస్తు లేపవచ్చునని ఊరడిల్లిరి. 1939 అక్టోబరులో డొరోథియా లాంగ్ అను ఛాయాచిత్రకారిణి అచ్చటికి వచ్చి తీసిన చిత్రములలో, బోసినేలనుండి తలుపు ఒక్కటే పైకి లేచిన ఇండ్లను, గొయ్యివంటి మాళిగలోనే జరుగు ప్రార్థనాసభను చూడవచ్చును. ఆ ముఖములలో దీనత్వము కంటె మొండితనమే నాకు ఎక్కువగా కనబడును.

ఇక నిస్సా గుడారములను గూర్చి చెప్పవలెను. జలాశయపు నీటితో విస్తారముగా పండిన పంటలలో చక్కెరబీటు ఒకటి. 1938లో నిస్సాలో చక్కెర కర్మాగారము నెలకొనెను. రెండవ ప్రపంచయుద్ధము రాగా ఫిలిప్పీను దీవుల చక్కెర ఆగిపోయెను, కూలీలు సైన్యమునకును ఓడల కర్మాగారములకును పోయిరి, బీటుమొక్కలు పలుచన చేయువారు లేక పొలములు పాడగుచుండెను. అదే సమయమున, 1942 ఫిబ్రవరి 19వ తేదీ నాటి అధ్యక్షుని శాసనమునుబట్టి, పసిఫిక్ తీరమునందలి జపాను సంతతివారిని, వారిలో అత్యధికులు పుట్టుకచే అమెరికా పౌరులేయైనను, ఇల్లువాకిలి విడిపించి పశువుల సంతశాలలలోను పరుగుపందెపు సాలలలోను కూర్చుచుండిరి. పోర్ట్‌లండ్ పశుప్రదర్శనశాలలో నిర్బంధింపబడిన కుటుంబములకు ప్రభుత్వమొక దారి చూపెను: నిస్సాకు పోయి బీటుపొలములలో పని చేసినచో ముళ్లకంచె వెలుపల నుండవచ్చును. ఆ మే నెలలోనే మొదటివారు బయలుదేరిరి. ఊరివెలుపల బారులుగా గుడారములు లేచెను. సుమారు 350 మంది అందులో నివసించిరి. కావలి తుపాకులు లేవు, కంచె లేదు. కాని ఇంటికి పోవు హక్కు సైతము లేదు. జూలైలో రస్సెల్ లీ అను ఛాయాగ్రాహకుడు ప్రభుత్వ పక్షమున వచ్చి చిత్రములు తీసెను: గుడారము ముందు బట్టలు ఉతుకు స్త్రీలు, పొట్టిపార చేతబట్టి చాలుపై వంగిన కళాశాల విద్యార్థులు, సాయంకాలము బంతియాట. తమ దేశముననే పరవాసులైనవారు, ఎండలో మాడుచు, దేశమునకు చక్కెర పండించిరి. యుద్ధము ముగిసిన పిదప వారిలో కొందరు తీరమునకు మరలక, నిస్సా, ఆంటారియో పట్టణముల పరిసరములలోనే భూములు కొని నిలిచిరి. ఉల్లికి పేరుపడిన ఆ ప్రాంతపు సేద్యములో వారి సంతతి చేయి గలదు. ఈ నదిపేర చెప్పదగిన విడుదులన్నిటిలో నేటి యాత్రికులు మొట్టమొదట తెలిసికొనవలసినది ఇదియేయని నా యభిప్రాయము.

ఉల్లాసపు గుడారములు ఇన్నింటి తరువాత వచ్చినవి. కట్టదారిని కారు పోవుటకు వీలుగా చేసినపిమ్మట చేపలవేటగాండ్రు రాసాగిరి; 1958లో ఆరెగాన్ ప్రభుత్వము జలాశయపు టొడ్డున ఒక రాష్ట్రోద్యానమును నెలకొల్పెను. కొంతకాలము అందులో యాత్రికులకు టీపీ గుడారములను అద్దెకిచ్చిరి. టీపీ అడవిదున్నల వేటతో బ్రతికిన మైదానపు జాతులది, ఈ నది పాయూట్ల గుడిసె వేరు. దానిని తలచుకొన్నవారు లేరు. ఎగువన, తూర్పుటొడ్డున, లెస్లీ గల్చ్ అను లోయ మరింత ఏకాంతము. కోటిన్నర సంవత్సరముల క్రిందట పేలిన అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి, తేనెవన్నె గోపురములై నిలిచినది. 1882లో అచ్చట పిడుగుపాటున మరణించిన హైరమ్ లెస్లీ అను పశువుల ఆసామి పేర అది వెలసెను. లోకమున మరెక్కడను కనరాని చిరుమొక్కలు కొన్ని ఆ బూడిదమట్టిలోనే మొలచును. వేటకును, గొఱ్ఱెలనుండి సోకిన తెగుళ్లకును నశించిన కొండగొఱ్ఱెలను 1965లో మరల తెచ్చి విడిచిరి. అవి నేడు మందలై తిరుగుచున్నవి. ఆ లోయలో ఎక్కడబడిన అక్కడ గుడారము వేయరాదు. జలాశయమునకు చేరువనున్న స్లోకమ్ క్రీక్ విడిది యొక్కటే అనుమతింపబడినది. కట్టకు ఎగువ నది పొడవు 1984లో 120 మైళ్ల మేర రక్షితమయ్యెను. పడవలపై ఆ లోయలు దిగివచ్చువారు కడకు జలాశయపు కదలనినీటిలో మైళ్లకొలది తెడ్లు వేసి అలసి, తమ యాత్ర యెచ్చట ముగిసి మనుష్యుని యేర్పాటు ఎచ్చట మొదలైనదో తమ భుజములతోనే తెలిసికొందురు.

సామన్ విషయమున ఒక మంచిమాట కలదు. డక్ వ్యాలీవారు 2015 నుండి దిగువనదులలో పట్టిన సామన్ చేపలను లారీలలో తెచ్చి తమ యెగువ ఓవైహీలో విడిచి, తాతలనాటి పద్ధతిని వేటాడుకొనుచున్నారు. కట్టను దాటలేని చేప కట్టను చుట్టి రోడ్డుపై వచ్చుచున్నది. దీనిని పరిష్కారమనుటకు నేను జంకుదును గాని, ఎనుబదియేండ్లకు పైగా ఆగిన పండుగ మరల జరిగినమాట వాస్తవము.

బోయిసీలోను చుట్టుపట్లను ఉద్యోగములు చేయు మన తెలుగుకుటుంబములు సెలవులకు అటు పోదలచినచో రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. జలాశయములో పట్టిన చేపను వండుకొనుటకు ముందు, ఆరెగాన్ ఆరోగ్యశాఖవారు ఎవరు ఎంత తినవచ్చునని ప్రకటించిన హెచ్చరికను చదువుడు, ముఖ్యముగా గర్భిణులును చిన్నపిల్లలును ఉన్నచో. నేలలో సహజముగా నున్న పాదరసమునకు తోడు, సిల్వర్ సిటీ గనులవారు వాగులో విడిచిన పాదరసము నూటయరువదియేండ్ల తరువాతను ఆ చేపల మాంసమున నున్నది. రెండవది, స్లోకమ్ క్రీక్ విడిదిలో త్రాగునీరు దొరకదు. ఎవరి నీరు వారే ఇంటినుండి నింపుకొని పోవలెను.